ఎన్నెల పీట వేసిన మా పెద్దమేడం గారు

పెద్దమేడం గారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న తెలిసింది. అప్పుడే కటింగ్ సెక్షన్ తలుపులు తీశాం. ఆడవాళ్ళు కొంగులు దోపుకుని ఎవరి మిషన్ల ముందు వాళ్ళు కూర్చుంటున్నారు. ఫోన్ చేసింది ఆవిడ చెల్లెలు. "అక్క ఎల్లిపోయిందమ్మా. కాఫీ కలిపి లేపితే పలకనేదు" అని ఆగిపోయింది. నేను "అలాగేనండీ" అన్నాను. చావు కబురు చెబితే ఎవరైనా అలాగేనండీ అంటారా? ఎందుకన్నానో నాకే తెలియదు. ఫోన్ పెట్టేశాక కూడా దాన్ని చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాను.

నా వైపే చూస్తున్న వరాలమ్మ, "ఏటి చిన్నమేడం, ఏటైనాది?" అంది.

చెప్పాను. ఆమె చేతిలో ఉన్న జీడిపిక్కని మెల్లగా గంపలో పెట్టేసి, "ఓలమ్మా" అంటూ రెండు చేతులూ ఒళ్ళో వేసుకుంది. ఒకరి నుంచి ఒకరికి ఆ మాట చివరి మిషన్ దాకా వెళ్ళింది. కాసేపటికి ఓనరు గారు వచ్చారు. విషయం విని, చెప్పులు విడిచి, మా మధ్యే గోడకి ఆనుకుని నిలబడ్డారు. "ఈవేళకి మిషన్లు వద్దులెండి" అన్నారు. ఆ రోజు మా సెక్షన్లో ఒక్క పిక్క కూడా తెగలేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. తెలియడానికి ఆవిడ సభల్లో మాట్లాడిన మనిషి కాదు. నర్సీపట్నం నుంచి గొలుగొండ వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఒక చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. క్రైస్తవ మిషనరీల బడిలో పదో తరగతి చదివి, గ్రేడింగ్ బల్ల దగ్గర గుండ్లు వేరుగా, బద్దలు వేరుగా ఏరే పనిలో చేరారు. అక్కడి నుంచి ఆడవాళ్ళ పనికంతటికీ పెద్దయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో చెల్లెలితో కలిసి ఉండేవారు. కుడిచేతికి వాచీ పెట్టుకునేవారు. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. సోమవారం టిఫిన్ డబ్బాలో ఆదివారం మిగిలిన చేపల పులుసు ఉండేది. అది అందరికీ తెలుసు కాబట్టి సోమవారం ఆవిడ పక్కన చోటు దొరికేది కాదు.

నేను కోటవురట్ల పక్క పల్లెటూరి నుంచి, డిగ్రీ చేతిలో పట్టుకుని వచ్చి కటింగ్ సెక్షన్‌కి సూపర్‌వైజరుగా చేరాను. ఆవిడ పెద్దమేడం కాబట్టి నన్ను చిన్నమేడం అన్నారు. మొదటి వారంలోనే, పని మధ్యలో కబుర్లు చెబుతోందని వరాలమ్మ మీద గట్టిగా అరిచాను. ఆమెకి మా అమ్మ వయసు. అందరూ మిషన్ల మీదికి తలలు వంచేశారు. పెద్దమేడం గారు అవతలి తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం నా పక్కన కూర్చుని డబ్బా విప్పుతూ, "అలా అరిసినప్పుడు నీ సేతులెందుకమ్మా వొణికినాయి?" అన్నారు.

"చూశారా అండీ?"

"సూసినాను. నీ మాట ఎవులూ ఇనరేమోనని నీకు బయ్యం. నీ అరుపు ఇని ఆలకి బయ్యం. ఇంతమంది బయ్యపడతా ఉంటే పప్పు ఎవులు కోస్తారు?" అని ఒక చేపముక్క నా అన్నంలో వేశారు. తిట్టు తినాల్సిన చోట చేపముక్క తిన్నాను. నా ఉద్యోగం అక్కడ మొదలైంది.

మా పని గురించి కొంచెం చెప్పాలి. ఆవిరికి ఉడికించి ఆరబెట్టిన పిక్కని రెండు బ్లేడ్ల మధ్య పెట్టి, కాలితో పెడలు తొక్కితే, మోటారు బలంతో పై బ్లేడు దిగి పెంకు రెండుగా విడుతుంది. లోపలి పప్పు విరగకూడదు. పెంకులోంచి కారే జీడినూనె పడితే చర్మం కాలి నల్లబడుతుంది. అందుకని చేతులకి ఆముదం రాసుకుని కూర్చుంటారు. వేళ్ళకీ బ్లేడుకీ మధ్య అంగుళం దూరం కూడా ఉండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని.

ఒక వేసవిలో, మా పప్పు కొనే పట్నం కంపెనీ వాళ్ళు పనివాళ్ళ మనసు బాగోగులు కూడా చూసుకోవాలని ఓనరు గారికి చెప్పారు. ఆయన పెద్దమేడం గారిని విశాఖపట్నంలో మూడు రోజుల ట్రైనింగుకి పంపించారు. దాని పేరు న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. పొట్టిగా ఎన్నెల్పీ. మనలో మనం ఏ మాటలు అనుకుంటామో, కళ్ళు మూసుకుంటే ఏ బొమ్మలు కనబడతాయో, వాటిని బట్టే మన ఒళ్ళూ మన పనీ నడుస్తాయని, ఆ మాటల్నీ బొమ్మల్నీ కొంచెం మార్చుకోవచ్చని చెప్పే పద్ధతి. ఆవిడ ఒక లావుపాటి ఫైలు తెచ్చుకున్నారు. మర్నాడు భోజనాల వేళ దాని గురించి అందరికీ చెప్పబోయారు.

"ఏటీ, ఎన్నెల పీటా?" అంది వరాలమ్మ. "ఎన్నెల్లో ఏసుకుని కూకోడానికా మేడం గారూ?"

నవ్వులు ఆగలేదు. అందరికన్నా ఎక్కువ నవ్వింది పెద్దమేడం గారే. మర్నాడు ఇంటి నుంచి ఒక చెక్క పీట తెచ్చి, స్టోర్ రూం పక్కన గాలి తగిలే వరండా చివర వేశారు. "ఇదిగోనమ్మా మీ ఎన్నెల పీట. ఎవులికి బుర్ర బరువెక్కితే ఆలొచ్చి కూకోండి. నాకు సెప్పాలనుంటే సెప్పండి. నేదంటే ఊరికే కూకుని ఎల్లిపోండి" అన్నారు.

మొదటి వారం ఎవరూ కూర్చోలేదు. తరవాత ఒకరోజు గ్రేడింగ్‌లో పనిచేసే ఒకావిడ ఏడుస్తూ వచ్చి కూర్చుంది. పెద్దమేడం గారు ఎదురుగా గచ్చు మీద చతికిలబడ్డారు. ఆవిడ అలా కిందనే కూర్చునేవారు, పీట మీద ఉన్న మనిషి కన్నా ఒక మెట్టు తక్కువగా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను దూరం నుంచి చూస్తూ, ఈవిడ ఏమీ చేయడం లేదేమిటా అనుకున్నాను. తరవాత అడిగితే చెప్పారు. "ముందు ఆ మనిసి ఊపిరి ఎలాగుందో నా ఊపిరీ అలాగే పెట్టీసుకుంటాను. బేగి బేగి పీలుస్తంటే నానూ బేగి బేగి పీలుస్తాను. అప్పుడు నాది కొంచెం నిదానం సేసుకుంటాను. ఆలదీ నిదానిస్తాది. మూడు రోజుల్లో నేర్సుకున్నదాంట్లో ఇదొక్కటీ వొచ్చినా సాలు."

ఆ ఏడ్చిన మనిషి "నా వల్ల ఏటీ అవదు మేడం గారూ" అంటే, ఆవిడ "ఏటీ అంటే? పొద్దున్న వొంట అయినాదా?" అని అడిగారు.

"అయినాది."

"గుంటలు బడికెల్లినారా?"

"ఎల్లినారు."

"మరి ఏది అవనేదు? ఆ ఒక్కటీ సెప్పు."

ఆ ఒక్కటీ ఏమిటంటే, కళ్ళజోడు లేక ఆమెకి చిన్నముక్కలు సరిగ్గా కనబడటం లేదు. ఆ వారమే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

ఫైలులో ఉన్నదంతా ఆవిడ నమ్మలేదు. మనిషి కళ్ళు ఏ పక్కకి తిరిగితే అబద్ధమో, ఏ పక్కకి తిరిగితే నిజమో చెప్పొచ్చని ట్రైనింగులో చెప్పారట. వరాలమ్మని పిలిచి, రాత్రి ఏం కూర వండావని అడిగారు. వరాలమ్మ తాటాకు కప్పు వైపు చూసింది, నేల వైపు చూసింది, నా వైపు కూడా చూసి "వొంకాయ" అంది. పెద్దమేడం గారు పెన్సిలు తీసి ఆ పేజీ మొత్తం అడ్డంగా కొట్టేశారు. "నిజంగా వొంకాయే వొండింది. నిన్న సంతలో నా పక్కనే కొన్నాది. ఈ పేజీ మనకొద్దు."

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇది రాయకుండా ఆవిడ గురించి రాస్తే, నాకు బాగున్న ముక్కలు ఏరుకున్నట్టు అవుతుంది.

ఆ వానాకాలంలో వరాలమ్మ చూపుడువేలు బ్లేడు కింద పడింది. కుట్లు పడ్డాయి. నెల తరవాత పనికి వచ్చింది. మా అందరిలోకీ ఆమె చెయ్యే వాటమైన చెయ్యి, పప్పు విరగడం దాదాపు ఉండేది కాదు. కానీ ఆ రోజు పిక్క పట్టుకుని బ్లేడు దాకా తీసుకెళ్ళి అక్కడే ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. చెయ్యి మధ్యలో బిగుసుకుపోతోంది. చెమటలు పట్టేశాయి. "సెయ్యి ఎల్లటం నేదు మేడం గారూ. నానేటి సెయ్యను?" అని మిషన్ మీద తల పెట్టేసింది. ఓనరు గారు ఆమెని ఊడ్చే పనికి మార్చేద్దాం అన్నారు. వరాలమ్మకి అది వేలు తెగడం కన్నా పెద్ద దెబ్బ.

పెద్దమేడం గారు వారం గడువు అడిగారు.

రోజూ మధ్యాహ్నం వరాలమ్మని పీట మీద కూర్చోబెట్టేవారు. "సినిమా హాల్లో ఉన్నావనుకో. బాల్కనీలో కూకున్నావు. దూరంగా తెర మీద ఆ వేలు తెగిన రోజు బొమ్మ పడతాంది. రంగులు తీసీ. సప్పుడు తీసీ. బొమ్మ సిన్నది సేసీ, అగ్గిపెట్టంత. ఇప్పుడు ఎనక్కి తిప్పు." మొదట వరాలమ్మ నవ్వింది, తరవాత ఏడ్చింది, మూడో రోజుకి కళ్ళు మూసుకుని అలాగే కూర్చోగలిగింది. ఇంకోటి కూడా చేయించారు. "నీ జన్మలో ఎప్పుడు బాగా ధైర్యంగా ఉన్నావే?" అని అడిగితే, నూకాలమ్మ పండక్కి తలమీద ఘటం పెట్టుకుని, డప్పుల మధ్య ఊరంతా తిరిగినప్పుడు అంది వరాలమ్మ. "మెడ వొణకనేదా?" "నేదండి. అమ్మోరు ఉంటే మెడెందుకు వొణుకుతాది?" ఆ రోజుని కళ్ళ ముందుకు తెచ్చుకుంటూ బొటనవేలిని అరచేతిలో గట్టిగా నొక్కమనేవారు. మళ్ళీ మళ్ళీ. నొక్కితే ఆ ధైర్యం గుర్తుకి రావాలి, అదీ ఉపాయం.

నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి, అమ్మవారి ఘటం పట్టుకుని ధైర్యం చెబుతున్నారు. అడిగాను. "దాని ధైర్యం దాని దగ్గరున్న చోట్నించే తేవాలి. నా దగ్గరున్న చోట్నించి తెస్తే దానికి సరిపోదు" అన్నారు.

ఆరో రోజున వరాలమ్మ బొటనవేలు నొక్కుకుని, పిక్క పెట్టి, పెడలు తొక్కింది. పెంకు విడిపోయింది. పప్పు చెక్కుచెదరలేదు. అందరం చప్పట్లు కొట్టాం. పెద్దమేడం గారు ఆ పప్పుని రుమాల్లో చుట్టి వరాలమ్మకే ఇచ్చారు. ఆ సాయంత్రం ఆవిడ ముఖంలో ఉన్న సంతోషం అంతకు ముందు నేను చూడలేదు.

నేను కూడా చప్పట్లు కొట్టాను. కానీ నాకు ఒక విషయం తెలుసు.

వరాలమ్మ వేలు తెగక ముందే మెకానిక్ వచ్చి చూసి, నాలుగు మిషన్లకి పెడలు కింద స్ప్రింగులు వదులైపోయాయని, ఒకసారి తొక్కితే బ్లేడు తనంతట తాను రెండోసారి కూడా దిగొచ్చని నాకు చెప్పాడు. నేను ఓనరు గారికి చెప్పాను. "వచ్చే వారం చూద్దాం" అన్నారు. వచ్చే వారం వచ్చింది, పోయింది. మళ్ళీ అడిగితే విసుక్కుంటారని నేను అడగలేదు. ఆ నాలుగింటిలో వరాలమ్మ మిషను ఒకటి. ఆమె వేలు ఎందుకు తెగిందో నాకు అర్థమయ్యే ఉండాలి. అర్థం కానట్టు ఉన్నాను. పెద్దమేడం గారు వారం పాటు ఆమె భయాన్ని బుజ్జగించి అదే మిషన్ ముందుకు తీసుకొస్తుంటే పక్కన నిలబడి చూశాను.

రెండు వారాల తరవాత, ఆ నాలుగింటిలోనే ఇంకొకటైన పక్క మిషన్ మీద కూర్చునే సత్యవతికి వేలి కొస తెగిపోయింది. గోరుతో సహా.

సత్యవతిని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చేసరికి, వరాలమ్మ సెక్షన్ మధ్యలో నిలబడి ఉంది. పెద్దమేడం గారిని చూసి గొంతు పెంచకుండా అంది. "మేడం గారూ, నా సెయ్యి నాకు ముందే సెప్పినాది. ఆ మిషను దగ్గరికి ఎల్లొద్దని. మనం ఇననేదు."

పెద్దమేడం గారు వెళ్ళి ఆ పీట మీద కూర్చున్నారు. దాని మీద ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. నేను వెళ్ళి ఎదురుగా గచ్చు మీద కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. మెకానిక్ చెప్పింది, ఓనరు గారు వాయిదా వేసింది, నేను మళ్ళీ నోరెత్తనిది.

"తెలిసీ ఊరుకున్నావా?" అన్నారు.

"ఊరుకున్నానండి. నేను పిరికిదాన్నండి."

"ఆ మాట ఒగ్గీ." ఆవిడ గొంతులో కోపం ఉంది. "పిరికిదాన్ననీసుకుంటే రేపు కూడా ఊరుకుంటావు. పిరికోళ్ళు ఊరుకుంటారు గదా మరి. నువ్వు సేసినది పిరికి పని. మనిసి వేరు, సేసిన పని వేరు. పని మార్సుకోడానికి వీలవుతాది. పద."

"ఎక్కడికండీ?"

"ముందు అందరి దగ్గరికీ. తరవాత ఓనరు గారి దగ్గరికి. సాయంత్రం సత్యవతి దగ్గరికి నువ్వొక్కదానివే ఎల్లు. అక్కడికి నాను రాను."

ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆవిడ చెప్పిన మాటలు నాకు ఇంకా వినిపిస్తాయి. "తప్పు నాదమ్మా. వరాలమ్మకి బయ్యం పోగొట్టినాను గానీ, బయ్యం దేనికొచ్చినాదో సూడనేదు. మిషను సూడకుండా మనిసిని బాగుసేద్దామనుకున్నాను." వరాలమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. ఎవరూ ఓదార్చలేదు. ఆవిడ ఓదార్పు కోసం చెప్పనూ లేదు.

ఓనరు గారు అప్పటికే సెక్షన్లోకి వచ్చారు. మిషన్లు ఎందుకు ఆగాయని అడిగారు.

"ఈ నాలుగూ బాగయ్యేదాకా నడవవండి" అన్నారు పెద్దమేడం గారు.

"మిమ్మల్ని ట్రైనింగుకి పంపింది వీళ్ళని పనిలో కూర్చోబెట్టడానికా, లేపడానికా?"

"భయం ఎలా పోగొట్టాలో అక్కడ నేర్చుకొచ్చానండి. ఏ భయం పోగొట్టకూడదో అక్కడ చెప్పలేదు. అది ఇక్కడ నేర్చుకున్నాను." ఓనరు గారితో మాట్లాడేటప్పుడు ఆవిడ భాష కొంచెం బడి భాషలోకి వెళ్ళేది. "ఒక్కసారి ఇలా కూర్చోండి అయ్యా."

ఆయన ఏమనుకున్నారో గానీ, సత్యవతి మిషన్ ముందు కూర్చున్నారు. ఆవిడ ఒక చీపురుపుల్ల తీసి, పిక్క పెట్టే చోటి పక్కన పట్టుకున్నారు. "తొక్కి, కాలు తీసేయండి" అన్నారు. ఆయన తొక్కారు. బ్లేడు దిగి లేచింది. ఆయన కాలు తీసేశారు. పప్పు తీసే వేలులాగా ఆవిడ పుల్లని బ్లేడు కిందికి జరిపారు. బ్లేడు ఒక క్షణం ఆగి, మళ్ళీ దానంతట అదే టక్కున దిగింది. పుల్ల తెగి ఆయన ఒళ్ళో పడింది.

ఆయన ఆ పుల్లముక్కని చూస్తూ ఉండిపోయారు. అప్పుడు నేను ముందుకొచ్చి, "ఈ సంగతి నాకు ముందే తెలుసండి. మీకొకసారి చెప్పి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది" అన్నాను. నా చేతులు వణికాయి. కానీ మాట బయటికి వచ్చింది. ఆయన లేచి, ఫోన్ తీసి, మెకానిక్‌కి ఫోన్ చేశారు. కొత్త స్ప్రింగులు వచ్చేదాకా మూడు రోజులు కటింగ్ జరగలేదు. ప్రతి మిషన్‌కీ వేలికి అడ్డంగా ఒక రేకు బిగించారు. ఇంకో రెండు పెద్ద లైట్లు పెట్టారు. సత్యవతి వైద్యం ఫ్యాక్టరీదే అన్నారు ఆయన, ఎవరూ అడగకుండానే.

సాయంత్రం బలిఘట్టంలో సత్యవతి ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళాను. మంచం మీద కట్టు కట్టిన చెయ్యి ఎత్తి పెట్టుకుని పడుకుని ఉంది. చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగి, "ఎల్లిపో చిన్నమేడం. ఇప్పుడు నాకు ఏ మాటలొద్దు" అంది. వచ్చేశాను. మర్నాడు పెద్దమేడం గారికి ఆ మాట చెబితే, "మరి? నీకు మనసు తేలికవ్వాలని ఎల్లినావా, ఆమెకి నిజం తెలియాలని ఎల్లినావా?" అన్నారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆవిడ ప్రేమ అలాగే ఉండేది. తేలిక చేసేది కాదు.

సత్యవతి పనికి తిరిగి వచ్చాక కూడా చాలా నెలలు నాతో పనికి సంబంధించిన మాట తప్ప మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం తనే పిలిచింది. "చిన్నమేడం, ఈ మిషను సప్పుడు మారినాది. ఓపాలి ఇను" అంది. నేను ఆ క్షణమే మోటారు ఆపించాను. చూస్తే ఒక బోల్టు వదులైంది, అంతే. బిగించాక ఆమె నా వైపు చూసి తల ఊపి మళ్ళీ కూర్చుంది. ఆ సంగతి పెద్దమేడం గారికి చెప్పడానికి నేను పరిగెత్తాను.

ఆ తరవాత ఆవిడ పద్ధతి మారింది. పీట అక్కడే ఉంది. ఊపిరి కలపడం, మాటలు విడదీసి అడగడం, బొటనవేలు నొక్కించడం అన్నీ ఉన్నాయి. కానీ ఎవరైనా వచ్చి భయంగా ఉంది, కోపంగా ఉంది, పనికి రాబుద్ధి కావడం లేదు అంటే, ఆవిడ మొదట అడిగే ప్రశ్న వేరే అయిపోయింది. "ఎక్కడ కూకుంటున్నావు? పద, సూద్దాం." ముందు వెళ్ళి ఆ మనిషి చోట కూర్చునేవారు. వేడి తగులుతోందా, నడుం నొప్పెడుతోందా, పక్కన ఎవరైనా మాటలతో పొడుస్తున్నారా చూసేవారు. బాగు చేయగలిగిందేదో అక్కడ ఉంటే ముందు దాన్ని బాగు చేయించి, మిగిలిన దానికే మనిషిని పీట దగ్గరికి పిలిచేవారు. తన ఫైలు మొదటి పేజీలో పెన్సిలుతో ఒక వాక్యం రాసుకున్నారు. "ముందు మిషను, తరవాత మనసు." కొత్తగా చేరే ప్రతి సూపర్‌వైజరుకీ ఆ ఫైలు ఇచ్చి చదవమనేవారు, కొట్టేసిన పేజీలతో సహా.

రెండేళ్ళ కిందట ఆరోగ్యం బాగోక పని మానేశారు. కిడ్నీలు. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకునేవారు. నేను ఆదివారం మధ్యాహ్నాలు వెళ్ళేదాన్ని. ఏం చెప్పినా శ్రద్ధగా వినేవారు. ఎవరి కూతురు ఏ క్లాసుకి వచ్చింది, వరాలమ్మ మనవడికి పేరేం పెట్టారు, ఆరో మిషన్ మీద ఇప్పుడెవరు కూర్చుంటున్నారు, అన్నీ కావాలి. ఒక ఆదివారం ఏమీ అడగలేదు. కిటికీ వైపు చూస్తూ, "బయ్యంగా ఉందే" అన్నారు.

నాకు ఆవిడ నేర్పిన పనే చేతికొచ్చింది. ముందుకి జరిగి, ఆవిడ ఎంత చిన్నగా పీలుస్తున్నారో నేనూ అంత చిన్నగా పీలుస్తూ, మెల్లగా నిదానం చేయబోయాను. ఆవిడ నా వైపు తిరిగారు. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ పెదాలు నవ్వుతున్నాయి.

"నా ఊపిరితో నీ ఊపిరి కలుపుతున్నావు. నాకు తెల్దనుకున్నావా?"

"కాదండీ..."

"సాల్లే. ఇది పోగొట్టాల్సిన బయ్యం కాదమ్మా. దీనికి రావాల్సిన కారణముంది, వొచ్చినాది. నువ్వు పక్కన కూకో. అదే సాలు."

కూర్చున్నాను. లోపల్నుంచి ఆవిడ చెల్లెలు ఉల్లిపాయ పకోడీలు తెచ్చింది. ఆవిడ తినకూడదు. ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసి నాకిచ్చారు. చీకటి పడేదాకా ముగ్గురం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. అంత మంచి సాయంత్రం నేను ఈ మధ్య ఎరగను.

మంగళవారం మధ్యాహ్నం అందరం ఫ్యాక్టరీ నుంచే సరాసరి వెళ్ళాం. చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధుల తోటకి తీసుకెళ్ళారు. పాస్టరు గారు ఆవిడ గురించి చెప్పమంటే ఓనరు గారు లేచి, "నన్ను ఒకసారి ఆవిడ మిషన్ ముందు కూర్చోబెట్టారు" అని మాత్రం చెప్పి కూర్చున్నారు. అక్కడున్న మిగతావాళ్ళకి అది అర్థమై ఉండదు. మాకు అర్థమైంది. మట్టి వేసే వేళకి సత్యవతి నా పక్కకి వచ్చి నిలబడింది. ఇద్దరం ఒకేసారి పిడికెడు మట్టి కోసం వంగాం.

తిరిగి వచ్చేటప్పుడు తొమ్మిది మందిమి ఒకే ఆటోలో ఇరుక్కున్నాం. ఊరు దాటగానే ముందు చెరకు లోడుతో ఒక ట్రాక్టరు పోతోంది. మెల్లగా పోతోంది. ఆటో డ్రైవరు హారన్ కొట్టబోతే వరాలమ్మ "ఒగ్గీ నాయనా, తొందరేటి మనకి" అంది. అతను చెయ్యి తీసేశాడు. ట్రాక్టరు వెనక వేలాడుతున్న చెరకు ఆకులు రోడ్డుని రాసుకుంటూ, ఎండిపోయిన దుమ్ములో సన్నటి గీతలు గీస్తూ పోతున్నాయి. మేము ఆ గీతల మీదుగా, దాని వెనకే చాలా దూరం వెళ్ళాం.